అది ఆత్మాహుతి దళం కప్పు కాదండీ

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో, పాఠకులు పంపిన పాత వస్తువుల ఫొటోలు వేసే పేజీలో, ఒక చిన్న పింగాణీ కప్పు ఫొటో వేశారు. క్యోటోలో తోజీ గుడి దగ్గర ప్రతి నెలా 21న జరిగే సంతలో కొన్నానని పంపినాయన రాశారు. దాని కింద మీ వాళ్లు పెట్టిన వ్యాఖ్య ఇది: ‘జపాన్ ఆత్మాహుతి దళ పైలట్లు విమానం ఎక్కే ముందు ఆఖరి గుక్క తాగిన పాత్ర. దీని మీది రాత అంతు చిక్కనిది.’

రాత అంతు చిక్కనిదేమీ కాదండీ. నాలుగంటే నాలుగక్షరాలు. కుడి నుంచి ఎడమకు చదివితే ‘జోతాయ్ కినెన్’. సైన్యం నుంచి విడుదలైన సందర్భంగా ఇచ్చిన జ్ఞాపిక అని అర్థం. చావబోయేవాడు తాగిన కప్పు కాదది, గడువు ముగించుకుని ఇంటికొచ్చినవాడు నలుగురికీ పంచిన కప్పు. ఆ సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది. కత్తిరించాల్సి వస్తే నా సొంత గోల కత్తిరించండి, కప్పు సంగతి మాత్రం ఉంచండి.

నేను పదమూడేళ్లుగా నగోయాలో ఉంటున్నాను. కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీకి మాన్యువల్స్, కాంట్రాక్టులు జపనీస్ నుంచి ఇంగ్లిష్‌లోకి మార్చడం నా ఉద్యోగం. రోజంతా ఆ అక్షరాలతోనే కాపురం. అయినా ఇలాంటి కప్పే నా చేతికొచ్చినప్పుడు మీ వాళ్లకంటే ఘోరంగా పప్పులో కాలేశాను. కాబట్టి మీ మీద కోపంతో రాస్తున్నానని అనుకోకండి.

ఇక్కడ ఒసు కన్నోన్ గుడి ఆవరణలో నెలనెలా 18న, 28న పాత సామాన్ల సంత పెడతారు. మా ఇంట్లో టీపాట్ మూత పగిలిపోతే, సరిపోయే మూత ఏదైనా దొరుకుతుందేమోనని ఒక 28వ తేదీ పొద్దున్నే వెళ్లాను. మూత దొరకలేదు. నీలం పట్టా మీద పరిచిన విరిగిన బొమ్మలు, తుప్పు పట్టిన కెటిల్స్ మధ్య ఒక చిన్న చెక్కపెట్టె కనిపించింది. కిరి చెక్కతో చేసిన పెట్టె, చేతిలో పెట్టుకుంటే అట్టపెట్టెంత తేలిక. లోపల ఈ కప్పు.

అరచేతిలో పట్టేంత కప్పు. లోతు తక్కువ, పళ్లేనికీ గిన్నెకీ మధ్యరకంగా ఉంటుంది. బియ్యంతో చేసే సాకే అనే మద్యం తాగడానికి వాడే ఈ రకాన్ని సకజుకి అంటారు. అంచుకు సన్నటి బంగారు గీత. లోపల అడుగున అయిదు కోణాల నక్షత్రం, దాని వెనక ఒకదాన్నొకటి దాటుతూ రెండు జెండాలు. ఒకదాని మీద ఉత్త ఎర్రటి సూర్యబింబం, రెండోదాని మీద కిరణాలు విప్పుకున్న సూర్యుడు. పక్కన చెర్రీ పూల రెమ్మ. పైన అంచు వెంబడి నాలుగు బంగారు అక్షరాలు, నక్షత్రం కింద మరో రెండు. బంగారు గీత ఒకచోట, సరిగ్గా బొటనవేలంత మేర, అరిగిపోయి గోధుమరంగు నీడ మాత్రం మిగిలింది.

ధర అడిగితే 800 యెన్లు అన్నాడు. నేను నక్షత్రం వంక రెండోసారి చూడటం గమనించినట్టున్నాడు, గొంతు తగ్గించి ‘తొక్కోతాయ్’ అన్నాడు. ఆత్మాహుతి దళాన్ని వాళ్లు ఆ మాటతోనే అంటారు. ఆ మాటతో పాటు ధర కూడా 1,500 అయింది. నేను మారుమాట్లాడకుండా ఇచ్చేశాను. వంకాయల దగ్గర పది యెన్లకు బేరమాడే మనిషిని, అక్కడ మాత్రం నోరు పెగల్లేదు.

ఇంటికి తెచ్చి మొట్టమొదట ఫోన్ కెమెరాతో చదివించాను. అది చెప్పిన ఇంగ్లిష్‌ను తెలుగులో పెడితే ‘తలపు నమోదు దళం తప్ప’ అని వస్తుంది. వినడానికి ఏదో రహస్య సంకేతంలా ఉంది కదా. ఆ గుప్పెడు మాటలతో నేను ఒక కథ కూడా అల్లేసుకున్నాను: దళమంతా పోయింది, ఒక్కడు మిగిలాడు, వాడి తలపు ఇది అని. మా వారికి చెబితే ఆయన కూడా నిజమే అన్నట్టు తలూపి మళ్లీ టీవీ వైపు తిరిగారు.

జరిగిందేమిటంటే, ఫోన్ ఎడమ నుంచి కుడికి చదివింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా జపాన్‌లో బోర్డుల మీద, బిళ్లల మీద, ఇలాంటి కప్పుల మీద అడ్డంగా రాస్తే కుడి నుంచి ఎడమకు రాయడం మామూలే. దానికో లెక్క ఉంది. వాళ్ల రాత అసలు నిలువు రాత. పై నుంచి కిందికి ఒక వరస, దానికి ఎడమ పక్కన రెండో వరస, అలా కుడి నుంచి ఎడమకు సాగుతాయి. చోటు లేక ఒక్కో వరసలో ఒక్కో అక్షరమే పట్టిందనుకోండి, చూసేవాళ్లకు అది కుడి నుంచి ఎడమకు రాసిన అడ్డ రాతలా ఉంటుంది. ఈ పాత అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. ఇక్కడి రోడ్ల మీద కొన్ని లారీలకు కుడివైపు తలుపు మీద కంపెనీ పేరు బండి ముందు నుంచి వెనక్కి, అంటే మనకు తిరగబడి, కనిపిస్తుంది. రోజూ ఆ లారీల పక్క నుంచే ఆఫీసుకు వెళ్తాను. కప్పు దగ్గరికొచ్చేసరికి ఆ సంగతే గుర్తు రాలేదు.

తిప్పి చదివితే పై నాలుగూ జో, తాయ్, కి, నెన్. ‘తప్ప’ అని ఫోన్ అనువదించిన జో అక్షరానికి తీసివేయడం, తొలగించడం అని అర్థం. తాయ్ అంటే దళం. దళం నుంచి తీసివేయడమంటే సైన్యం నుంచి విడుదల. కినెన్ అంటే జ్ఞాపకార్థం. జపాన్‌లో చాలా జ్ఞాపికల మీద ఈ కినెన్ తగులుతుంది. ఆ రెండక్షరాల రూపం ఒక్కటి గుర్తు పెట్టుకుంటే చాలు, రాత ఏ వైపు నుంచి మొదలైందో తెలిసిపోతుంది, ఎందుకంటే ఇలాంటి కప్పుల మీద కినెన్ మామూలుగా చివర్లోనే వస్తుంది.

ఇక నక్షత్రం కింది రెండక్షరాలు. ‘నడక’, ‘ఆరు’. ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పడానికి సిగ్గుగానే ఉంది. సైన్యంలో నడక పోటీలు పెట్టి ఉంటారు, అందులో ఇతనికి ఆరో స్థానం వచ్చి ఉంటుంది, విడుదలైన రోజున ఆ బహుమతి ఇచ్చి పంపి ఉంటారు అనుకున్నాను. ఆరో స్థానానికి బహుమతేమిటి అన్న అనుమానం రాకపోలేదు. జపాన్ వాళ్లు అందరినీ ప్రోత్సహిస్తారులే అని సర్దుకున్నాను.

దాన్ని విప్పింది మా పక్కింటి బామ్మగారు. ఆ ఏడే ఆవిడకు 88 నిండాయి. ఇక్కడ 88వ ఏటిని బెయిజు అంటారు, అంటే ‘బియ్యపు ఆయుష్షు’. బియ్యం అనే అక్షరాన్ని విడదీస్తే ఎనిమిది, పది, ఎనిమిది వస్తాయి, ఎనభై ఎనిమిది. ఆ సందర్భంగా వాళ్లబ్బాయి వాళ్లు అందరికీ చుట్టుగుడ్డలు పంచారు, మూల మీద ఆయుష్షు అనే అక్షరం అద్దినవి. నాకొకటి ఇవ్వడానికి వచ్చి, బల్ల మీది కప్పు చూశారు. కళ్లద్దాలు పైకి నెట్టి, ఫోన్ వంక కన్నెత్తి కూడా చూడకుండా, ఒక్క గుక్కలో చదివేశారు.

‘నడక పోటీనా?’ అని ఆవిడ నవ్విన నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. ‘హో అంటే హోహే. హోహేలో ఆరోది, హో-రొకు. మా నాన్న కూడా అందులోనే చేశాడు. కోటలోనే ఉండేవాళ్లు.’

హోహే అంటే నడిచే సైనికులు. మన పదాతిలో పాదం ఉన్నట్టే వాళ్ల హోహేలో నడక ఉంది. హో-రొకు అంటే పదాతి దళం ఆరో రెజిమెంటు. దాని మకాం నగోయా కోట ఆవరణలోనే. అంటే ఆ రెండక్షరాలు రహస్యమూ కాదు, బహుమతీ కాదు, ఊరందరికీ నోటికొచ్చిన పొట్టి పేరు. బస్సు నంబరు చెప్పినంత మామూలుగా చెప్పుకునేవారట.

‘ఇవి మీ ఇంట్లో కూడా ఉండేవా?’ అనడిగాను.

‘ఎందుకుండవు? నాన్నవి ఒక అరడజను మిగిలిపోయాయి. మిగతావి పంచేశాం కదా. సెన్బెత్సుకు తిరిగివ్వాలి మరి.’

ఆ ఒక్క మాటతో కప్పు నాకు పూర్తిగా అర్థమైంది. సెన్బెత్సు అంటే ఊరు విడిచి వెళ్లేవాడి చేతిలో పెట్టే డబ్బు, కానుక. 1873లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చాక, ఇరవై ఏళ్లు నిండిన కుర్రాళ్లకు శరీర పరీక్ష చేసి, ఎంపికైన వాళ్లను పటాలంలోకి తీసుకునేవారు. మొదట్లో మూడేళ్లు, తర్వాత తర్వాత పదాతి వాళ్లకు రెండేళ్లు. కుర్రాడు బయల్దేరే రోజున ఇరుగుపొరుగు, బంధువులు, పని ఇచ్చిన ఆసామి, అందరూ తలా ఇంత చేతిలో పెట్టి సాగనంపేవారు. తీసుకున్నదానికి తిరిగి ఏదో ఒకటి ఇవ్వకపోతే ఇక్కడ తప్పు. ఆ తిరిగివ్వడాన్ని ఒకాఎషి అంటారు. పెళ్లికైనా చావుకైనా ఎవరేమిచ్చారో రాసి పెట్టుకుని మరీ తిరిగిస్తారు. రెండేళ్లు పూర్తి చేసి వచ్చినవాడు, సాగనంపినవాళ్ల లెక్క చూసుకుని, పటాలం దగ్గరి దుకాణంలో కప్పులు ఆర్డరిచ్చేవాడు. నక్షత్రం, జెండాలు, పువ్వులు సిద్ధంగా ఉన్న నమూనాలే. రెజిమెంటు నంబరు, తన పేరు మాత్రం వేయించుకుని కాల్పించేవాడు. అందుకే ఒక్కొక్కరి పేరు మీద పదుల కొద్దీ కప్పులు తయారయ్యాయి, అందుకే ఇవాళ్టికీ ప్రతి సంతలో దొరుకుతాయి. అరుదైనవీ కావు, ఖరీదైనవీ కావు. నేను 800కే కొని ఉండాల్సింది.

పేరు ఎక్కడుందంటారా? కప్పు బోర్లించండి. అడుగున కాలులా గుండ్రటి అంచు ఉంటుంది, కోదాయ్ అంటారు. దాని లోపలో, పక్కనో ఇంటిపేరు ఉంటుంది. నా కప్పుకు సన్నటి ఎర్ర అక్షరాలతో ఉంది. ఈ జిల్లాలో వీధికి నలుగురికి ఉండే ఇంటిపేరే అయినా ఇక్కడ రాయను. మీరు వేసిన ఫొటోలో కప్పు లోపలి భాగమే ఉంది. అసలు చదవాల్సిన సగం బల్ల మీద ఆనుకుని ఉండిపోయింది.

ఇప్పుడు తేదీ సంగతి. కప్పు మీద తేదీ లేదు. చాలావాటి మీద ఉండదు. నా దానికి పెట్టె ఉండటం అదృష్టం. మూత లోపలి వైపు కుంచెతో నాలుగక్షరాలు. చివరి రెండూ సులువే: ‘షోతో’, చలికాలపు మొదలు. మొదటి రెండూ నా ప్రాణం తీశాయి. ఒకటి నీటి మీద కూర్చున్న బాతులా ఉండే అక్షరం, ఒత్సు. రెండోది ఎద్దు.

నేను కాంట్రాక్టులు అనువదించే మనిషినని చెప్పాను కదా. ఇక్కడి కాంట్రాక్టుల్లో మొదటి పార్టీని ‘కో’ అని, రెండో పార్టీని ‘ఒత్సు’ అని రాస్తారు. దినమంతా ‘ఒత్సు ఈ క్రింది షరతులకు కట్టుబడి ఉండవలెను’ అని రాసీ రాసీ, మూత మీద ఆ అక్షరం చూడగానే నా బుర్ర ‘రెండో పార్టీ అయిన ఎద్దు’ అని చదివింది. రెండు వారాలు అక్కడే ఆగిపోయాను.

తలుపు తెరిచింది బేస్‌బాల్. ఆగస్టు వస్తే ఈ దేశంలో టీవీలన్నీ హైస్కూలు పిల్లల బేస్‌బాల్ పోటీలే చూపిస్తాయి. అవి జరిగేది హ్యోగో జిల్లాలో కోషిఎన్ స్టేడియంలో. మా ఆఫీసులో ఎవరో భోజనాల దగ్గర, దానికి ఆ పేరెందుకొచ్చిందో చెబుతున్నారు. స్టేడియం 1924లో కట్టారు. పాత లెక్కలో ఆ ఏడాది పేరు ‘కో’ అక్షరం, ఎలుక అక్షరం కలిసినది. రెండూ కలిపి చదివితే కోషి. ఎన్ అంటే తోట. అరవై ఏళ్ల చక్రంలో అదే మొట్టమొదటి ఏడాది కాబట్టి శుభమని ఆ పేరు పెట్టారు.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ‘కో’ తర్వాత ‘ఒత్సు’. ఎలుక తర్వాత ఎద్దు. 1924 తర్వాత 1925!

మనకు ప్రభవ, విభవ అని అరవై పేర్లున్నాయి. వాళ్లకూ అరవయ్యే, కానీ అరవై వేర్వేరు పేర్లు కావు. పది అక్షరాల చక్రం ఒకటి, పన్నెండు జంతువుల చక్రం ఒకటి. రెండూ పక్కపక్కన తిరుగుతూ పోతే మళ్లీ మొదటి జోడీ కలవడానికి సరిగ్గా 60 ఏళ్లు పడుతుంది. ఆ చక్రం పూర్తయినందుకే వాళ్లూ మన షష్టిపూర్తిలా అరవయ్యో ఏట కన్రేకి చేసుకుంటారు, పెద్దాయనకు చంటిపిల్లాడిలా ఎర్ర చొక్కా తొడుగుతారు. మన ప్రభవ 1927లో వచ్చింది, వాళ్ల మొదటి ఏడాది 1924లో వచ్చింది, మూడేళ్ల తేడా. పెట్టె మీది ‘కినోతో-ఉషి’ మన పంచాంగంలో క్రోధన. (ఒత్సు అక్షరాన్నే ఏడాది పేరులో కినోతో అంటారు. ఒకే అక్షరానికి రెండు మూడు పలుకులుండటం ఈ భాషలో రోజూ ఉండే బాధే.)

అయితే అరవై ఏళ్లకోసారి తిరిగి వచ్చే పేరుతో చిక్కుంది. అదే పేరు 1865లోనూ ఉంది, 1985లోనూ ఉంది. ఇందులో ఏది? 1865కి నిర్బంధ సైనిక సేవ చట్టమే రాలేదు. 1985 నాటికి ఆ సైన్యమే లేదు, 1945లో రద్దయిపోయింది. మిగిలింది 1925 ఒక్కటే. ఆ సాయంత్రం బామ్మగారి తలుపు కొట్టి మరీ చెప్పాను. ఆవిడ ‘తైషో పద్నాలుగు’ అన్నారు తడుముకోకుండా. తైషో చక్రవర్తి కాలపు ఏడుకు 1911 కలిపితే మన ఏడు వస్తుంది, 14 కలిపితే 1925. షోవా కాలానికైతే 1925 కలపాలి, అంతకుముందరి మెయిజికి 1867. మీ పాఠకుల దగ్గర ఇలాంటి వస్తువులుంటే ఈ మూడంకెలు చీటీ మీద రాసుకుంటే చాలు.

ఆ తర్వాత ఒక సెలవు రోజున ఇనుయామాలో ఉన్న మెయిజి మురాకు వెళ్లాను. మెయిజి కాలపు భవనాలను ఊళ్లలోంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన మ్యూజియం అది, 1965 నుంచీ ఉంది. అందులో ఆరో రెజిమెంటు బ్యారక్ ఒకటుంది, 1873లో కట్టింది, కోట నుంచి తెచ్చిందే. రెండంతస్తుల పొడుగాటి తెల్ల భవనం. కప్పు తెచ్చి చూపించి వద్దామని బ్యాగులో పెట్టుకుని వెళ్లాను, ఎవరికి చూపించాలో తెలీక అలాగే తిరిగొచ్చాను.

ఇక మీ వ్యాఖ్య దగ్గరికి వస్తాను. ఆత్మాహుతి విమాన దాడులు మొదలైంది 1944 అక్టోబరులో, ఫిలిప్పీన్స్‌లో లేతే దగ్గర. నా కప్పు దానికి 19 ఏళ్లు పెద్దది. మీరు వేసిన కప్పు ఏ ఏడాదిదో నేను చెప్పలేను కానీ, దాని మీద ‘విడుదల’ అని రాసి ఉంది. తిరిగి రాననుకుని వెళ్లేవాడు విడుదల జ్ఞాపికలు ఆర్డరివ్వడు కదా. దుకాణాల వాళ్లు చెప్పే కథ గాల్లోంచి పుట్టిందేమీ కాదు. మళ్లీ కలుస్తామో లేదో అన్నప్పుడు సాకే బదులు నీళ్లు పోసుకుని తాగే ఆచారం ఇక్కడ నిజంగానే ఉంది, మిజుసకజుకి అంటారు. ఆత్మాహుతి దళాల వాళ్లు అలా తాగిన ఫొటోలు అందరూ చూసినవే. ఆ ఫొటో మనసులో పెట్టుకున్నవాడికి నక్షత్రమున్న ప్రతి కప్పూ అలాగే కనిపిస్తుంది. కొనేవాడికి అలా కనిపిస్తే అమ్మేవాడికి లాభం. నా దగ్గర తీసుకున్న 700 యెన్లు అదే కదా.

నక్షత్రం పదాతి వాళ్లదో, ఫిరంగుల వాళ్లదో, మొత్తానికి సైన్యానిది. నౌకాదళం కప్పులైతే లంగరు ఉంటుంది. యుద్ధం నుంచి వచ్చినవాళ్లవైతే జోతాయ్‌కి బదులు ‘గైసెన్’ అని ఉంటుంది, విజయంతో తిరిగి రావడం. 1904-05లో రష్యాతో జరిగిన యుద్ధం తర్వాతి కప్పుల మీద ఆ మాట చూస్తాం. ‘మాన్కి’ అని ఉంటే గడువు నిండిందని. ఇప్పుడు ఇక్కడి బ్యాంకుల్లో డిపాజిట్ మెచ్యూర్ అయితే వచ్చే కాగితం మీద కూడా అదే మాట ఉంటుంది. వందేళ్ల కిందటి సైనికుడి కప్పూ నా బ్యాంకు కాగితమూ ఒకే మాట చెబుతున్నాయంటే మొదట్లో నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఇదంతా చెప్పి ఆ సైన్యాన్ని ముద్దు చేయడం నా ఉద్దేశం కాదు. ఆరో రెజిమెంటు ఉన్న మూడో డివిజన్‌ను 1937 ఆగస్టులో షాంఘై మీదికి పంపారు. 1925లో కప్పులు పంచినవాడికి అప్పటికి ముప్పై నాలుగో ముప్పై అయిదో ఉంటాయి, విడుదలైనవాళ్లను రిజర్వు నుంచి మళ్లీ పిలిచే వయసే. కప్పు మీద గానీ పెట్టె మీద గానీ అదేమీ రాసి ఉండదు. ఆ చలికాలపు మొదట్లో ఇంటికి చేరాడని మాత్రమే రాసి ఉంది.

నాకు కొన్నాళ్లు ఒక టెన్షన్ ఉండేది. పేరు ఉంది కదా, వాళ్ల కుటుంబాన్ని వెతికి ఇచ్చేయాలేమోనని. యుద్ధంలో చనిపోయిన సైనికుల దగ్గర దొరికిన, ఊరంతా సంతకాలు చేసిన జెండాలను విదేశాల నుంచి తెచ్చి ఇక్కడి కుటుంబాలకు అప్పగించడం పేపర్లలో చదువుతూనే ఉంటాం. బామ్మగారిని అడిగితే విసుక్కున్నారు. ‘జెండా అతని ఒంటి మీంచి తీసుకున్నది. ఇది అతను చేతులారా ఇచ్చింది. ఇచ్చినదాన్ని తిరిగిస్తే మొహం మీద కొట్టినట్టు కాదూ?’ అని. అంచు మీద బంగారం అరిగిన చోట వేలు పెట్టి చూపించారు. ‘చూడు, తీసుకున్నవాళ్లు దాచలేదు, తాగారు. ఎప్పుడూ ఒకే చోట నోరు పెట్టి తాగారు.’

అన్ని జ్ఞాపికల వెనకా ఇంత కథ ఉంటుందనుకోవద్దని కూడా చెప్పాలి. మా ఆఫీసులో కొత్తగా చేరిన మన కుర్రాడొకడు, కాగితం చుట్టిన ఒక తువ్వాలు తెచ్చి, దీని మీద ఏదో రాసుంది, చదివి పెట్టమ్మా అన్నాడు. ఏదైనా పాతకాలం గుర్తేమోనని అతని ఆశ. మీద ‘సొషినా’ అని ఉంది. అక్షరార్థం ‘నాసిరకం వస్తువు’. దుకాణాలు ఉచితంగా పంచేవాటి మీద వినయంగా అలా రాస్తారు. అనువాదం చెప్పాక అతని మొహం చూడాల్సింది.

మీ పేజీకి కప్పు పంపినాయనకు ఒక మనవి. ఫొటోలో నక్షత్రం కింద ‘హో’ అక్షరం స్పష్టంగా ఉంది, దాని పక్కన అంకె మీద ఆయన బొటనవేలు నీడ పడింది. ఆ అంకె తెలిస్తే ఏ రెజిమెంటో, ఏ ఊరిదో తెలిసిపోతుంది. కప్పును మెత్తటి గుడ్డ మీద బోర్లించి అడుగు భాగం ఒక ఫొటో, లోపలి భాగం నీడ పడకుండా ఇంకొకటి తీయమనండి. వెలుతురు పక్క నుంచి పడితే అరిగిన బంగారం కూడా గీతలుగా కనిపిస్తుంది. పెట్టె ఉంటే మూత రెండు వైపులా తీయాలి. బాగా కనపడాలని మాత్రం పీచుతో తోమొద్దు, ఆ బంగారం మెరుగు పైన తక్కువ వేడిలో కాల్చి అంటించింది, తోమితే గుడ్డకు వచ్చేస్తుంది. ఫొటోలు మీ ఆఫీసుకు పంపితే, మీరు నాకు పంపండి. పేరు చదివి ఆయనకు మాత్రమే చెబుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నగోయా